మన లైన్ పిల్లగాడు

“ఫ్రాంచైజీయే కదండీ, దానికింత బాధపడాలా?” అన్నాడు ఈ వారం ఒక పెళ్లి పంక్తిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి. హైదరాబాద్ ఎఫ్‌సీ ఊరు విడిచి వెళ్లిన సంగతి మాటల్లో వచ్చింది. 2019లో పుణె క్లబ్ మూతపడితే ఆ స్థానంలో పుట్టిన జట్టు, 2025లో ఢిల్లీకి మారి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. ఒక ఊరి స్థానంలో వచ్చింది, ఇంకో ఊరికి పోయింది, మధ్యలో కొన్నేళ్లు మన పేరు పెట్టుకుంది, అంతేగా అని ఆయన లెక్క. నన్ను నొప్పించాలని అన్నది కాదు, నిజంగానే అర్థంకాక అడిగాడు. అందుకే మరీ గుచ్చుకుంది. విస్తరి ముందు కూర్చుని వాదం పెట్టుకోలేం కాబట్టి జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ఈ కాలమ్‌ను మొదటినుంచీ చదువుతున్నవారికి మా మేనమామ కొత్త కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, సైకిలు తప్ప ఇంకో బండి ఎక్కనని పట్టుబట్టిన మనిషి, సిటీ పోలీసు జట్టు ఓడిన రోజు అన్నం ముట్టని మనిషి. ఆయన గురించి చాలాసార్లు రాశాను. ఆయన చెల్లెలి గురించి, అంటే మా అమ్మ గురించి, ఎందుకో రాయలేదు. మా ఇంట్లో ఫుట్‌బాల్ అభిమాని ఎవరంటే ముందు చెప్పాల్సిన పేరు ఆమెది.

1950ల్లో మామ ఫతే మైదాన్‌కు సైకిలు తొక్కుకుంటూ వెళ్లేవాడు. అమ్మను తీసుకెళ్లేవాడు కాదు. తీసుకెళ్లే ఆలోచన కూడా ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆడపిల్ల మైదానానికి పోవడమేమిటి అన్నది ఆ ఇంట్లో ప్రశ్నే కాదు. అయితే మామకు ఒక అలవాటుండేది. మ్యాచ్ చూసి ఇంటికొచ్చాక, చూసిందంతా ఎవరో ఒకరికి చెబితే గానీ నిద్రపట్టేది కాదు. తాతకు ఆట మీద ఆసక్తి లేదు, అమ్మమ్మకు తీరిక లేదు. మిగిలింది చెల్లెలు. రైల్వే క్వార్టర్ అరుగు మీద చింతగింజలు పరిచేవాడు. నల్లగింజలు సిటీ పోలీసు, పొట్టు తీసిన తెల్లగింజలు అవతలి జట్టు, బంతికి గురిగింజ. మ్యాచ్ మొత్తం మళ్లీ ఆడించేవాడు. లెఫ్ట్ అవుట్ ఎక్కడ నిలబడ్డాడు, సెంటర్ హాఫ్ ఎప్పుడు ముందుకు కదిలాడు, కీపరు ఏ పక్కకు పడ్డాడు, అన్నీ వేలితో జరిపి చూపేవాడు.

అమ్మ ఊరికే చూసేది కాదు. “వీడు గోడ పక్కనున్నడు గదా, గోల్ ముంగటికి ఎట్లొచ్చిండు?” అని అడిగేది. మామకు గుర్తుండకపోతే ఇద్దరూ కలిసి గింజలు వెనక్కి జరుపుకుంటూ పోయి, ఏ కదలికతో అలా జరిగి ఉంటుందో తేల్చేవారు. మైదానం మొహం చూడకుండా మా అమ్మ ఆటను అలా నేర్చుకుంది. బంతి లేని ఆటగాడు ఏం చేస్తున్నాడో చూడాలన్నది ఇప్పుడు టీవీలో నిపుణులు చెప్పే మాట. ఆమెకు అది ఆ అరుగు మీదే తెలుసు. అక్కడ బంతికంటే గింజలే ఎక్కువ కనిపించేవి.

సిటీ పోలీసు జట్టంటే ఏమిటో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్లో, ఢిల్లీలో, మోహన్ బగాన్‌తో తలపడి, రెండు గోల్స్ వెనకబడ్డాక 2-2 చేసి, తిరిగి ఆడిన మ్యాచ్‌లో 1-0తో గెలిచి కప్పు తెచ్చిన జట్టు. బొంబాయిలో రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్లు ఇంకెవరికీ దక్కనివ్వని జట్టు. 1954లో, 1957లో మళ్లీ డ్యూరాండ్. 1961లో ఆంధ్రా పోలీసు పేరుతో ఇంకోసారి, ఆ ఫైనల్లో కూడా మోహన్ బగాన్ మీదే. ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ బడిపంతులు. 2024లో సినిమా వచ్చాక ఆయన పేరు మళ్లీ నలుగురి నోట వినపడింది, సంతోషం. కానీ సినిమాకు అరవై ఏళ్ల ముందే లాలాగూడ అరుగుల మీద ఆ పేరు ‘రహీమ్ సాబ్’గా తిరుగుతుండేది. ఆటగాళ్లకు బలహీనమైన కాలు ఏదో ఆ కాలితోనే ఆడాలని ఆయన పోటీలు పెట్టేవాడు. డ్రిబ్లింగ్ నిషేధించి, బంతి అందగానే ఇంకొకడికి ఇచ్చేయాలని ఇంకో రకం పోటీ. ఇది విన్న మామ క్వార్టర్ల వెనక గోడకు ఎడమకాలితో బంతి తన్ని తన్ని చెప్పులు తెగ్గొట్టుకున్నాడట.

రహీమ్ దేశానికి కూడా కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఏషియాడ్‌లో దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం. ఆ మరుసటి ఏడాది జూన్‌లో క్యాన్సర్‌తో పోయాడు. ఆసియా ఆటల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మనకు మళ్లీ రాలేదు.

ఇక తులసీదాస్ బలరాం దగ్గరికి వస్తాను. ఆయన లేకుండా మా ఇంటి కథ లేదు.

బలరాంది అమ్ముగూడ. సికింద్రాబాద్ నుంచి మల్కాజిగిరి మీదుగా బొల్లారం పోయే లైన్లో చిన్న స్టేషను. రైల్వే కుటుంబానికి ఊళ్లూ పేటలూ స్టేషన్ల పేర్లతోనే గుర్తుంటాయి. కాబట్టి మామ ఆ కుర్రాణ్ని మొదటిసారి చూసి వచ్చిన రోజు చెల్లెలికి చెప్పిన మొదటి మాట, “మన లైన్ పిల్లగాడు.” బూట్లు కొనే స్తోమత లేక పాత పోలీసు బూట్ల తోలుతో చెప్పులు కుట్టేవాడి దగ్గర కుట్టించుకున్నవాడు. సికింద్రాబాద్ నుంచి రోజూ ప్రాక్టీసుకు రావడానికి దారిలేదంటే రహీమ్ సైకిలు ఏర్పాటు చేసిన కుర్రాడు. 1956, 1957 సంవత్సరాల్లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిస్తే ఆ జట్టులో ఉన్నాడు. మెల్‌బోర్న్ వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద గోల్ కొట్టాడు, పెరూ మీద కొట్టాడు. అరుగు మీద అమ్మ ఒక నల్లగింజకు సున్నంతో చుక్క పెట్టుకుంది. అది బలరాం. ఆ గింజను మామ కూడా తన వేలితో జరపడానికి వీల్లేదు.

1957లో ఆ పిల్లగాడు కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. మా ఇంట్లో అన్నాచెల్లెళ్ల మధ్య మొదటి పెద్ద తగాదా అప్పుడొచ్చింది.

మామ వాదం సూటిగా ఉండేది. ఇక్కడ పుట్టి, ఇక్కడి మట్టిలో ఆడి, రహీమ్ సాబ్ చేతిలో తయారై, పైసలకోసం కలకత్తా పోతే ఇంక మనకేంది? మన జట్టు మనది. ఉన్నవాళ్లే మనవాళ్లు. అమ్మ వాదం ఇంకా చిన్నది: “వాడు యాడ ఆడితే గాడ సూస్త.” చూడటమంటే ఆమెకు పేపరే. వాల్తేరు మీదుగా డ్యూటీలు చేసి వచ్చే గార్డులెవరైనా కలకత్తా పేపరు తెస్తే, రెండుమూడు రోజుల పాతదైనా, వెనక పేజీ తన దగ్గరికి రావాల్సిందే. ఇంగ్లీషు చదవడం ఆమెకు అంతగా వచ్చేది కాదు. బలరాం పేరు ఎలా ఉంటుందో గుర్తుపట్టి, దాని పక్కనున్న అంకె చదివేది. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్‌గా బలరాం కలకత్తా లీగ్ గెలిచాడు. 23 గోల్స్‌తో ఆ లీగ్‌లో అందరికంటే ఎక్కువ కొట్టింది కూడా ఆయనే. అమ్మ ఇంట్లో పాయసం చేసింది. మామ తినలేదు.

జబ్బు చేసి ముప్పయ్యేళ్లు నిండకుండానే బలరాం ఆట మానేశాడు. చివరి రోజుల్లో ఆడింది బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు. అది తెలిసి అమ్మ అన్న మాట మామ చనిపోయేదాకా ఆయన్ను ఏడిపించడానికి వాడుకుంది: “సూసినవా, ఆఖరుకు రైల్వేలనే తేలిండు.”

తర్వాత ఎందరు వెళ్లారో లెక్కలేదు. సయ్యద్ నయీముద్దీన్ వెళ్లాడు. 1970 బ్యాంకాక్ ఏషియాడ్‌లో కాంస్యం గెలిచిన జట్టుకు ఆయనే కెప్టెన్. మహమ్మద్ హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్ వెళ్లారు. 1977లో పెలే న్యూయార్క్ కాస్మోస్‌తో కలకత్తా వచ్చినప్పుడు, ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ 2-2తో నిలిచిన మ్యాచ్‌లో రెండో గోల్ మన హబీబ్‌ది. కలకత్తా పెద్ద క్లబ్బులు మూడూ మన పిల్లలతో నడిచిన రోజులవి. పోలీసు శాఖ ఇచ్చేది కానిస్టేబుల్ ఉద్యోగం, కలకత్తా ఇచ్చేది పేరూ డబ్బూ. ఎవరినీ తప్పుపట్టలేం. మామ మాత్రం అందర్నీ తప్పుపట్టాడు. పోలీసు జట్టు చిక్కి సగమైనా, మైదానంలో జనం పలచబడినా, ఆయన సైకిలు అటే పోయింది.

చిన్నప్పుడు నన్ను ఆ సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లింది మామ. అందుకని నేను మామ పక్షం. జట్టంటే ఊరు, ఊరు విడిచినవాడు మన జెర్సీ విడిచినట్టే అన్నది నా పాత నమ్మకం. ఈ పేజీలో ఎన్నిసార్లు రాశానో పాఠకులకు గుర్తుంటుంది. హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీ పోయిందని తెలిసిన రోజు కూడా ఆ నమ్మకంతోనే రగిలిపోయాను. 1950లో మనవాళ్లు ఢిల్లీ వెళ్లి కప్పు తెచ్చారు, ఇప్పుడు ఢిల్లీ మన జట్టునే పట్టుకుపోయింది, ఇక ఆ జట్టు మొహం చూసేది లేదు అనుకున్నాను. పెళ్లిలో ఆ పెద్దమనిషికి ఇదే చెప్పాలనుకున్నాను.

ఇంటికొచ్చి ఆలోచిస్తే ఈ వాదం నన్నెక్కడికి తీసుకెళ్తుందో కనిపించింది.

2019 నవంబర్ 2న గచ్చిబౌలిలో హైదరాబాద్ ఎఫ్‌సీ తొలి సొంతగడ్డ మ్యాచ్. అప్పటికి మామ లేడు. అమ్మ డెబ్బై దాటింది. ఎప్పుడూ స్టేడియంలో అడుగుపెట్టని మనిషిని మా అమ్మాయి పట్టుబట్టి బయల్దేరదీసింది. మెట్లు ఎక్కడానికి పట్టుకునే కడ్డీ దొరక్క ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకున్నాం. పైకెక్కి కూర్చున్నాక ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చుట్టూ రన్నింగ్ ట్రాక్ ఉన్న స్టేడియం కాబట్టి ఆట కాస్త దూరంగానే ఉంటుంది. ఆమెకు అది ఇబ్బంది అనిపించలేదు. పైనుంచి మొత్తం మైదానం ఒకేసారి కనిపిస్తోంది, అరుగు మీద కనిపించినట్టే. “పసుపు మనోళ్లా?” అంది. అవునన్నాను. అంతే, ఇక మ్యాచ్ అయ్యేదాకా నాతో మాట లేదు.

కేరళ బ్లాస్టర్స్ తరఫున కేపీ రాహుల్ ముందు గోల్ కొట్టాడు. స్టాంకోవిచ్ పెనాల్టీతో సమం చేశాడు. ఆఖర్లో మార్సెలీనో ఫ్రీకిక్. 2-1. కలకత్తాలో 5-0తో ఓడి సీజన్ మొదలుపెట్టిన జట్టుకు అది మొదటి గెలుపు. ఆ సీజన్ చివరికి పట్టికలో అట్టడుగునే మిగిలింది. అమ్మకు పట్టిక అక్కర్లేదు. దారంతా మా అమ్మాయికి ఆ ఫ్రీకిక్ ముందు గోడ కట్టిన ఆటగాళ్లు ఏ వరసలో నిలబడ్డారో చెప్పుకుంటూ వచ్చింది.

తర్వాత కరోనా. రెండు సీజన్లు మ్యాచ్‌లన్నీ గోవాలోనే. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, మళ్లీ అదే కేరళ. టీవీ ముందు మూడు తరాలం. రెండో సగంలో కేరళ గోల్ కొట్టింది. మేమింకా ఎవరు కొట్టారని చూస్తుండగానే అమ్మ అంది, “వీడే. అప్పుడు గూడ వీడే కొట్టిండు.” నిజమే, కేపీ రాహుల్. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టి సమం చేశాడు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. హాలీచరణ్ నర్జరీ ఆఖరి తన్నుతో కప్పు మనదైంది. హైదరాబాద్ పేరుతో ఇండియన్ సూపర్ లీగ్ కప్పు.

ఇప్పుడు మామ కొలత పెట్టి చూద్దాం. ఆ సీజన్లో చాంపియన్లు హైదరాబాద్‌లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. కీపర్ గోవా మనిషి, గోల్స్ వర్షం కురిపించిన ఓగ్బెచే నైజీరియా మనిషి, కెప్టెన్ జొవావ్ విక్టర్ బ్రెజిల్ మనిషి, కోచ్ మనోలో మార్క్వెజ్ స్పెయిన్ మనిషి. ఫైనల్ మొదలుపెట్టిన పదకొండుమందిలో ఫతే మైదాన్ పిల్లవాడు లేడు, బర్కస్ పిల్లవాడు లేడు, అమ్ముగూడ పిల్లవాడు లేడు. పుట్టిన ఊరే కొలత అయితే ఆ జట్టు ఎన్నడూ మనది కాదు. అంటే పెళ్లిలో పెద్దమనిషి మాటే నిజం కావాలి, మా ఇంట్లో ఆ రాత్రి మోగిన కేకలు అబద్ధం కావాలి.

అవి అబద్ధం కావు. బలరాం గోల్స్‌కు మురిసిపోయిన బెంగాలీలదీ అబద్ధం కాదు. అమ్ముగూడ ఎక్కడుందో తెలియని జనం అతన్ని తమవాడనుకున్నారు, అతను ఆట మానేశాక కూడా బెంగాల్లోనే ఉండిపోయాడు, 2023 ఫిబ్రవరిలో అక్కడే కన్నుమూశాడు. హబీబ్ అదే ఏడాది ఆగస్టు 15న మన హైదరాబాద్‌లో పోయాడు. ఆయన కోసం ఇక్కడికంటే కలకత్తాలో ఎక్కువమంది ఏడ్చి ఉంటారని నా నమ్మకం. ఒక ఆటగాడు మనవాడయ్యేది అతని ఆట చూస్తూ కూర్చున్నందువల్ల. వాడి నడక, వాడి పరుగు, బంతి రాకముందు వాడు తల ఎటు తిప్పుతాడు, ఇవి కళ్లకు అలవాటైనందువల్ల. అమ్మకు ఇది పదిహేనేళ్ల వయసులోనే తెలుసు.

క్లబ్ ఢిల్లీ పోయిందని నేను చెప్పినప్పుడు ఆమె, “ఎవరెవరు పోయిండ్రు?” అని అడిగింది. జట్టు పేరు గురించి ఒక్క ప్రశ్న లేదు. కప్పు గెలిచినవాళ్లలో చాలామంది అంతకుముందే తలో క్లబ్బుకూ వెళ్లిపోయారని చెప్పాను. ఎవరు ఎక్కడున్నారో మా అమ్మాయి చేత ఒక కాగితం మీద రాయించుకుంది. ఇప్పుడు మా ఇంట్లో టీవీ ఆ కాగితం ప్రకారం పెడతారు. ఢిల్లీ మ్యాచ్ కూడా పెడతారు. నేనూ కూర్చుంటాను. కప్పు హైదరాబాద్‌దే, పుస్తకాల్లో అలాగే ఉంటుంది. లైసెన్సు ఢిల్లీది. ఆ కాగితం మీద పేర్లున్న ఆటగాళ్లు మాత్రం మావాళ్లు.

కాబట్టి నా కోపం క్లబ్ మీద నుంచి జారి ఇంకోచోటికి వెళ్లింది. పాఠకులు ఊహించే ఉంటారు, మళ్లీ మైదానాల దగ్గరికే. ఫతే మైదాన్ 1967లో లాల్ బహదూర్ స్టేడియం అయింది. అక్కడ క్రికెట్ జరిగింది, బహిరంగ సభలు జరిగాయి, ప్రమాణస్వీకారాలు జరిగాయి. జరగనివ్వండి. ఫుట్‌బాల్‌కు సాయంత్రాలు ఏవి? లాలాగూడలో మామ బంతి తన్నిన గోడ వెనక ఖాళీ స్థలం ఇప్పుడు కార్ల పార్కింగు. రహీమ్ సాబ్ వెతికిపట్టి సైకిలిప్పించడానికి ముందు బలరాం ఆడుకోవడానికి అమ్ముగూడలో ఒక ఖాళీ జాగా ఉంది. అది లేకపోతే ఏ రహీమ్ వచ్చినా చూడటానికి పిల్లలుండరు. క్లబ్ పోతే ఇంకో క్లబ్ వస్తుంది. బస్తీలో మైదానం మీద ఒకసారి షట్టర్ల వరస లేచిందంటే అది తిరిగి మైదానం కాదు. మన కార్పొరేటర్లను, క్రీడాశాఖను అడగాల్సింది ఇది. కొత్త ఫ్రాంచైజీని తెమ్మని అడగడం తర్వాత.

ఇంకోమాట. ఊళ్లో ఫుట్‌బాల్ చచ్చిపోలేదు. అజీజ్‌నగర్ వైపు శ్రీనిధి డెక్కన్ జట్టు ఉంది. 2022-23లోనూ 2023-24లోనూ ఐ-లీగ్‌లో వరసగా రెండో స్థానంలో నిలిచింది. ఇది మన పత్రికల వెనక పేజీల్లో ఎంత చోటు సంపాదించిందో చూసినవారికి తెలుసు. బర్కస్‌లో, బొల్లారంలో, కంటోన్మెంట్ మైదానాల్లో ఇంకా సాయంత్రం పూట బంతి లేస్తోంది. టికెట్టు లేని మ్యాచ్‌లు, కుర్చీ దొరికితే కుర్చీ, లేకపోతే గట్టు. ఈ శీతాకాలం ఒక్క మ్యాచ్‌కైనా వెళ్లండి. ఆడేవాళ్లలో ఒకడి పేరు తెలుసుకుని, వచ్చే వారం వాడు ఎక్కడ ఆడుతున్నాడో అడగండి. పిల్లల్ని ఎలాగూ తీసుకెళ్తారు, మీ అమ్మను కూడా తీసుకెళ్లండి. నిర్వాహకులూ, దయచేసి గట్టు పక్కన ఆడవాళ్లకు ఒక మరుగుదొడ్డి, మెట్లకు పట్టుకునే కడ్డీ ఏర్పాటు చేయండి.